సూపులో మొక్కజొన్న పిండి గురించి ఒక మనవి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారాలు. చలి మొదలైనప్పటి నుంచి మీ ఆదివారం అనుబంధంలో కూరగాయల సూపుల తయారీని వారం వారం ప్రచురిస్తున్నారు. వాటిని చదివి ఊరుకోకుండా వండి చూస్తున్న పాఠకులలో నేనొకడిని. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన తరువాత, పళ్లు లేక రాత్రిపూట అన్నం సయించని మా అమ్మగారికి వేడిగా ఏదో ఒకటి వండిపెట్టే పని నా వంతుకు వచ్చింది. అందువల్ల ఈ విషయంలో నాకు కొంత అనుభవం ఉంది, మీ శీర్షికతో కొంత పేచీ కూడా ఉంది.

రెండు వారాల క్రితం వచ్చిన వంటకంలో, ముక్కలు ఉడికిన తరువాత రెండు పెద్ద చెంచాల మొక్కజొన్న పిండిని చల్లని నీళ్లలో కలిపి పోయమని రాశారు. నేను అక్షరాలా అలాగే చేశాను. మా వీధి చివరి పిండిమరలో ఆడించిన పసుపుపచ్చని పిండిని తెచ్చి, చెప్పిన కొలతకు చెప్పినట్టే కలిపి పోశాను. పది నిమిషాలు మరిగినా పిండి పలుకు పలుకుగానే ఉంది, పచ్చివాసన పోలేదు, గిన్నె అడుగున మాత్రం శుభ్రంగా అంటుకుంది. మా అమ్మగారు ఒక్క చెంచా నోట పెట్టుకుని, "ఏందిరా ఇది, జావకి ఎక్కువ, సంకటికి తక్కువ" అంటూ గిన్నె పక్కకు జరిపారు. మరునాడు కిరాణా దుకాణంలో విచారిస్తే అసలు సంగతి తెలిసింది. వంటకం రాసినవారి ఉద్దేశంలో ఉన్నది కార్న్‌ఫ్లోర్ అనే పేరుతో డబ్బాలలో అమ్మే తెల్లని, మెత్తని పొడి. అది మొక్కజొన్న గింజలోని పీచు, మాంసకృత్తులు, కొవ్వు తీసివేయగా మిగిలిన పిండిపదార్థం మాత్రమే. మరలో ఆడించినది గింజ మొత్తం. రెండూ ఒకే గింజ నుంచి వచ్చినా వంటలో ఒకదాని పని మరొకటి చేయదు. వరి కోసిన మాగాణుల్లో రెండో పంటగా మొక్కజొన్న వేసే ఈ ప్రాంతంలో మొక్కజొన్న పిండి అంటే ఎవరికైనా మరపిండే గుర్తుకు వస్తుంది. ఇంగ్లీషు మాటను తెలుగు చేయాలన్న మీవారి సదుద్దేశాన్ని నేను తప్పుపట్టను గాని, జనం దుకాణంలో ఏ పేరుతో అడుగుతారో ఆ పేరే తెలుగు అనుకోవడం వంటల విషయంలో క్షేమం.

నా పేచీ అంతటితో అయిపోలేదు. సరైన కార్న్‌ఫ్లోరే తెచ్చి వేశామనుకుందాం. ఆ పొడిలోని రేణువులు వేడికి నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి కనుక సూపు చిక్కబడుతుంది. ఎక్కువసేపు మరిగించి కలియబెడితే అవే రేణువులు చిట్లిపోయి సూపు తిరిగి పలచబడుతుంది, పులుపు తగిలితే ఇంకా తొందరగా పలచబడుతుంది. ఆ చిక్కదనంతో నోటికి జిగురు తప్ప కడుపుకు ఒరిగేది పెద్దగా ఉండదు. చలికాలపు రాత్రి భోజనానికి బదులుగా తాగదగిన సూపు అని మీరే శీర్షికలో రాశారు. భోజనానికి బదులు కావాలంటే అందులో పప్పు ఉండాలి. 100 గ్రాముల పెసరపప్పులో దాదాపు 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, మెత్తగా ఉడికితే అది తనంతట తానే కరిగి రసాన్ని చిక్కపరుస్తుంది. కందిపప్పు కట్టుతో చారు కాచే ఇళ్లలో పుట్టి పెరిగినవారికి ఈ మాట ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. సూపు అనే పేరు వినగానే మనం ఆ సంగతి మరచిపోవడమే విచిత్రం.

నిజానికి సూపు మనకు అంత దూరపు చుట్టమేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో అక్కడి ఇంగ్లీషువారు తమిళుల మిళగు తణ్ణి, అంటే మిరియాల నీళ్లు, రుచి మరిగి, దానిలో మాంసమో కూరగాయలో చేర్చి చిక్కపరచి ములిగటాని అని పేరు పెట్టుకున్నారు. ఆ సూపు సీమకు వెళ్లి ఇంగ్లీషువారి వంట పుస్తకాలలోకి ఎక్కింది. మన మిరియాల చారు చుట్టమే ఓడ ఎక్కి వెళ్లి కోటు తొడుక్కుని తిరిగి వచ్చిందన్నమాట. ఇక గుమ్మడికాయ, సొరకాయ, మునగకాడ, చిలగడదుంప కలిపి కాచే ముక్కల పులుసు సంగతి సరేసరి. మరపిండి వ్యవహారం చెడిన తరువాత పెసరపప్పుతో నేను రెండోసారి చేసిన సూపు తాగి మా అమ్మగారు తేల్చిన తీర్పు ఇది: "బాగానే ఉంది, మన ముక్కల పులుసేగా, చింతపండు వెయ్యటం మర్చిపోయావు."

మన చలి ఎంతటిదో కూడా వంటకం రాసేవారు ఆలోచించాలి. గుంటూరులోనూ బెజవాడలోనూ పుష్యమాసంలో రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దిగువకు వస్తే చాలు, చెవులకు మఫ్లరు చుట్టుకుని తిరుగుతాం. అది మంచు కురిసే దేశాల చలి కాదు. ఆ దేశాల వంటకంలో ఉన్న కప్పు మీగడ, 50 గ్రాముల వెన్న ఇక్కడ సాయంత్రం ఏడు గంటలకు తాగితే తెల్లవారే వరకు గుండెల మీద కూర్చుంటాయి. అయితే కొవ్వు బొత్తిగా లేకుండా చేయమని నేను అనను. క్యారెట్టుకూ గుమ్మడికీ ఆ రంగునిచ్చే కెరోటిన్ కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి, అది ఒంటపట్టాలంటే ఒక చెంచా నెయ్యి ఉండాలి. నలుగురికి రెండు చెంచాలు సరిపోతాయి.

మీ శీర్షికలో ఇంతవరకు కోరిన లీక్స్, సెలెరీ, జుకినీ అనే మూడింటి కోసం నేను కొల్లి శారద మార్కెట్టు అంతా తిరిగాను. ఒక దుకాణదారు జుకినీని దోసకాయ అనుకుని కూర దోస తూచబోయాడు. ఈ రెండు నెలలలో ఆ మార్కెట్టులో ఏమి లేవు కనుక? క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, పచ్చి బఠాణీలు ఏడాదిలో ఎప్పుడూ లేనంత లేతగా, చవకగా వచ్చేది ఇప్పుడే. సంక్రాంతికి గుమ్మడికాయలు దిగుతాయి. చిక్కుడు సంగతి చెప్పనక్కరలేదు, రథసప్తమికి కాయలతో రథం కట్టే ఆచారం ఏర్పడింది అవి ఆ రోజుల్లో విరగకాస్తాయి కనుకనే అయి ఉంటుందని నా ఊహ. ముదిరిన చిక్కుడుకాయల గింజలు ఒలిచి సూపులో వేస్తే బఠాణీలను మించిన రుచి వస్తుంది. లీక్స్ బదులు ఉల్లికాడలు, సెలెరీ బదులు కొత్తిమీర కాడలు వేస్తే నష్టమేమీ లేదు. ఆకులు తరిగాక కాడలను పారవేసే అలవాటు మన ఇళ్లలో ఉంది గాని, వాసనంతా ఆ కాడలలోనే ఉంటుంది.

థైమ్ అనే ఎండిన ఆకు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. దాని చిన్న సీసా కోసం మా అబ్బాయి ఆన్‌లైనులో పెట్టిన ఖర్చుకు వారానికి సరిపడా కూరగాయలు వచ్చేవి. ఆ ఆకుకు ఆ ఘాటు ఇచ్చేది థైమాల్ అనే పదార్థం. మన వాములో ఉన్నదీ అదే. పెరట్లో కుండీలో పెరిగే వామాకులో దానితో పాటు దాని దగ్గరి బంధువు, ఒరెగానోలో ఉండే కార్వక్రాల్ కూడా ఉంటుంది. ఒక వామాకు తుంచి చివరి అయిదు నిమిషాలలో సూపులో వేసి తీసివేస్తే ఆ సీసాతో పని లేదు. రెండు ఆకులు వేయకూడదు, వేస్తే సూపు పోయి జలుబు కషాయం అవుతుంది.

ఇక తయారీకి వస్తే, మీ వంటకాలలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టినది "అన్ని ముక్కలనూ కుక్కర్‌లో వేసి నాలుగు విజిళ్లు రానివ్వాలి" అన్న వాక్యం. కుక్కర్‌లో పీడనం పెరగడం వల్ల నీరు 100 డిగ్రీల దగ్గర కాక 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పప్పుకు అది మేలే. అదే వేడిలో క్యారెట్టు, బీన్సు, క్యాబేజీ కలిసి ఏది ఏదో తెలియని ముద్ద అవుతాయి. పైగా క్యాబేజీని, కాలీఫ్లవర్‌ను అతిగా ఉడికిస్తే వాటిలోని గంధక సమ్మేళనాలు విడిపోయి, వంటిల్లే కాదు వరండా కూడా వాసన కొడుతుంది. అందుచేత పప్పును విడిగా కుక్కర్‌లోనూ, ముక్కలను వెడల్పాటి గిన్నెలోనూ ఉడికించడం మేలు.

నేను నలుగురికి చేసే కొలత ఇది. ఒక చిన్న టీకప్పు, అంటే సుమారు 75 గ్రాముల పెసరపప్పు కడిగి మూడు కప్పుల నీళ్లతో మెత్తగా ఉడికించి పెట్టుకోవాలి. క్యారెట్టు చివళ్లు, క్యాబేజీ మొదలు, బఠాణీ తొక్కలు, కొత్తిమీర కాడలు లీటరు నీళ్లలో వేసి అరగంట సన్నని సెగ మీద మరగనిచ్చి వడకట్టుకుంటే అదే సూపుకు మూలాధారమైన రసం. బఠాణీ తొక్కలలో ఉండే తీపి చూస్తే ఇన్నాళ్లూ వాటిని గేదెలకు వేసినందుకు బాధ కలుగుతుంది. కాకరకాయ ముక్కా బీట్‌రూట్ తొక్కా మాత్రం అందులో పడనివ్వకూడదు, ఒకటి రుచినీ రెండోది రంగునూ పూర్తిగా ఆక్రమిస్తాయి.

తరువాత గిన్నెలో రెండు చెంచాల నెయ్యి వేసి, ఒక పెద్ద ఉల్లిపాయను సన్నగా తరిగి, సన్నని సెగ మీద పది నిమిషాలకు తగ్గకుండా వేయించాలి. ఎవరూ ఓపిక పట్టనిది ఇక్కడే. ఉల్లిపాయ మెత్తబడగానే నీళ్లు పోసేస్తారు. అది లేత గోధుమరంగుకు తిరిగేవరకు ఆగితే దానిలోని చక్కెరలు, ఆమైనో ఆమ్లాలు వేడికి కలిసి కొత్త రుచులను పుట్టిస్తాయి. మాంసం రసంలో మాత్రమే ఉంటుందని చాలామంది అనుకునే ఆ నిండుతనం కూరగాయల సూపులో చాలావరకు ఈ పది నిమిషాల వల్లే వస్తుంది. ఆ తరువాత నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం దంచి వేసి, పచ్చివాసన పోగానే గట్టి ముక్కలైన క్యారెట్టు రెండు, బీన్సు ఒక గుప్పెడు, చిక్కుడు గింజలు ఒక గుప్పెడు వేసి, వడకట్టిన రసం పోసి పన్నెండు నిమిషాలు ఉడికించాలి. అప్పుడు గుమ్మడి ముక్కలు ఒక కప్పు, క్యాబేజీ తరుగు ఒక కప్పు, బఠాణీలు అరకప్పు వేసి మరో ఎనిమిది నిమిషాలు ఉంచాలి. మూత పూర్తిగా పెట్టకూడదు. కూరగాయలలో సహజంగా ఉండే ఆమ్లాలు ఆవిరితో పాటు కొంత బయటికి పోకపోతే, అవి పత్రహరితంలోని మెగ్నీషియాన్ని తొలగించి బఠాణీలను, బీన్సును నిమ్మపచ్చడి రంగులోకి దింపుతాయి.

టమాటాలు చివర వేయాలి. మీ వంటకాలలో ఇవి మొదటే పడుతున్నాయి. ఆమ్లం ఉన్నచోట కూరగాయల కణాలను పట్టి ఉంచే పెక్టిన్ త్వరగా కరగదు, అందుకే చింతపండు పులుసులో వేసిన ముక్క ఎంతసేపటికీ మెత్తబడదు, పప్పు ఉడకకముందే పులుపు పోయకూడదని మన పెద్దవాళ్లు చెబుతారు. ముక్కలన్నీ మెత్తబడిన తరువాత మూడు పండిన టమాటాలను వేడినీళ్లలో ముంచి, తోలు తీసి, చిదిమి వేసి అయిదు నిమిషాలు మరిగిస్తే సరిపోతుంది. అప్పుడు ఉడికిన పప్పు కలిపి, గిన్నెలోని ముక్కలలో మూడోవంతును పప్పుగుత్తితో అక్కడికక్కడే మెదిపి కలియబెడితే, గుమ్మడీ పప్పూ కలిసి సూపు కార్న్‌ఫ్లోర్ అక్కరలేకుండా చిక్కబడుతుంది. మిగతా ముక్కలు పంటికి తగిలేలా ఉంటాయి. మా అమ్మగారి గిన్నెకు మాత్రం అంతా మెదుపుతాను. మిక్సీలో వేసుకోదలచినవారు పూర్తిగా చల్లారనిచ్చి వేసుకోవాలి, సలసల కాగే సూపును వేసి మూత బిగిస్తే ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి సూపు పైకప్పుకు చేరుతుంది. మా వంటింటి పైకప్పు మీద ఆ మరక ఇంకా ఉంది.

నీళ్ల విషయం చిన్నదే గాని ఇక్కడ అవసరం. బోరునీళ్లలో పప్పు ఉడకదన్నది మన ఊళ్లలో ఎంతోమంది ఇల్లాళ్ల ఫిర్యాదు. ఆ కఠినజలంలోని కాల్షియం పెక్టిన్‌ను మరింత గట్టిపరచడమే దానికి కారణం. చిటికెడు వంటసోడా వేస్తే ఉడుకుతుంది గాని బి1 విటమిన్ నశిస్తుంది. సూపుకు కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లో తాగేనీళ్లో వాడుకుంటే ఈ బాధ ఉండదు.

కారం గురించి గుంటూరువాడిని మాట్లాడవద్దంటే అది జరిగే పని కాదు. దేశమంతటికీ మిరపకాయలు పంపే యార్డు ఉన్న ఊళ్లో ఉంటూ, సూపులో మిరపకారం వేయవద్దని నేను చెబుతున్నాను. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి వెంట మన దేశానికి వచ్చింది. దానికంటే ముందు మన వంటలకు ఘాటు మిరియానిదే. మిరపకారం కూరగాయల తీపిని మింగేస్తుంది, మిరియం దానిని పైకి తెస్తుంది. పన్నెండు మిరియాలను అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచి, పొయ్యి కట్టేసిన తరువాత వేయాలి. వాటి సువాసన ఆవిరైపోయే నూనెలలో ఉంటుంది, మొదటే వేసి మరిగిస్తే ఆ వాసన మనకు దక్కకుండా వీధిలోకి పోతుంది. నిమ్మరసం కూడా దింపిన తరువాతే పిండాలి, ఎందుకంటే విటమిన్ సి వేడికి నిలవదు.

మీ శీర్షికలో తరచు కనిపించే సూపు పొడి పొట్లాల గురించీ, అజినమోటో గురించీ నా అభిప్రాయం కొంచెం వేరు. అజినమోటో విషమని భయపెట్టేవారితో నేను ఏకీభవించను. 1908లో జపాను శాస్త్రవేత్త కికునాయే ఇకెడా సముద్రపు నాచు నుంచి వేరుచేసిన గ్లూటమేట్ రుచే అజినమోటోలో ఉన్నది, ఆ రుచి పండిన టమాటాలో సహజంగానే ఉంది. టమాటా పండినదై, ఉల్లిపాయ సరిగా వేగి ఉంటే ఆ పొడి చల్లవలసిన అవసరమే రాదు. పొట్లాల విషయంలో ఆలోచించవలసినది ఉప్పు. పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ లేనిదే ముద్ద దిగని మన జిల్లాలలో ఆ 5 గ్రాములు మధ్యాహ్న భోజనానికే అయిపోతాయి. రాత్రి సూపులో ఉప్పు చేతిలో ఉండాలంటే దానిని మనమే వేసుకోవాలి, పొట్లం వేయకూడదు.

కడుపు నిండాలనుకునేవారికి పాశ్చాత్యులు సూపులో బార్లీ వేస్తారు. మన ఇళ్లలో బార్లీ అనగానే జ్వరం గుర్తుకొచ్చి సగం ఆకలి చస్తుంది. పల్నాడు జొన్నలు ఒక గుప్పెడు రాత్రంతా నానబెట్టి, కుక్కర్‌లో ఏడెనిమిది విజిళ్లు రానిచ్చి కలిపితే సూపు భోజనమే అవుతుంది. పక్కన బ్రెడ్డు ముక్కకు బదులు దిబ్బరొట్టె ముక్క ఒకటి, కరకరలాడే అడుగు వైపుది, పెట్టుకుంటే నా దృష్టిలో దానికి సాటి లేదు. చలికాలమే కదా అని మిగిలిన సూపును పొయ్యి మీదనే తెల్లవార్లూ వదిలేయడం మాత్రం సరికాదు. పప్పు ఉన్న పదార్థం మన చలికి ఆగదు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు కొంచెం వేడినీళ్లు పోసి తెర్ల కాచి తాగవచ్చు.

ఇకముందు వంటకం ప్రచురించేటప్పుడు అది ఎంతమందికో, ఏది ఎన్ని గ్రాములో లేక ఎన్ని టీకప్పులో, ఏ ముక్క ఎన్నో నిమిషంలో పడాలో రాయవలసిందిగా కోరుతున్నాను. "తగినంత", "సరిపడా" అనే మాటలు అమ్మ పక్కన నిలబడి నేర్చుకున్నవారికి చాలునేమో గాని, అరవై దాటాక గరిటె పట్టినవారికి చాలవు. దొరకని దినుసు రాస్తే దాని పక్కనే మన మార్కెట్టులో దొరికే బదులు దినుసు పేరు కూడా ఇవ్వాలి. వచ్చే ఆదివారం కాలీఫ్లవర్ సూపు ఇస్తామని కిందటి సంచికలో ప్రకటించారు. దానిలో కార్న్‌ఫ్లోర్ తప్పదనుకుంటే ఆ మాటను కార్న్‌ఫ్లోర్ అనే అచ్చువేయండి. మరపిండి ఇంకా కిలోన్నర మా ఇంట్లో మిగిలి ఉంది, అది రొట్టెలకు వాడుతున్నాము.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు.